మాజీ మంత్రి తలవైపు వెలిగిన దీపం

నిరభ్యంతర పత్రం మీద సంతకం పెట్టడానికి ఇన్‌స్పెక్టర్ పట్టాభి కలం మూత తీసే సమయానికి, మన్సూరాబాద్‌లోని ఆ అద్దె ఫ్లాటు గుమ్మంలో సంధ్యారాణి నిలబడి ఉంది. ఆమె వెనుక, నల్ల శాలువా భుజాల చుట్టూ బిగించుకున్న పొడవైన ఆఫ్రికన్ యువతి.

"రండి మేడమ్‌గారూ," అన్నాడు పట్టాభి, కుర్చీలోంచి లేవకుండానే. "దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లిసంబంధాల ఎంక్వైరీలు జోరుగా సాగుతున్నాయని విన్నాను. ఇక్కడ పెళ్లికొడుకు ఎవరూ లేడే."

"తండ్రిని పోగొట్టుకున్న కూతురు ఉంది. చూసి మాట్లాడండి. ఆమెకు తెలుగు వచ్చు."

పట్టాభి ముఖంలో నవ్వు ఆగింది. ఆ అమ్మాయి వైపు తల ఊపి, పక్కనున్న కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ సంతకం పడితే ఏమవుతుందో ఆమెకు చెప్పండి," అంది సంధ్యారాణి.

"దాచాల్సిందేముందండి. మధ్యాహ్నం ఎంబామింగ్ చేస్తారు. శరీరం చెడిపోకుండా రక్తం తీసేసి రసాయనాలు ఎక్కిస్తారు. రాత్రి విమానంలో పెట్టె వాళ్ల దేశానికి వెళ్లిపోతుంది. రాయబార కార్యాలయం ఒప్పుకుంది, డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. మా కాగితం ఒక్కటే తరువాయి."

"రక్తం పోయాక, ఆయన ఎందుకు చనిపోయాడో చెప్పగలిగేది ఏదీ మిగలదు."

"గుండెకు ఆపరేషన్ అయిన మనిషి గుండె ఆగి పోయాడు. అందులో చెప్పడానికేముంది?"

నిన్న ఉదయం చనిపోయిన ఆ మనిషి పేరు నెహెమియా తొబోకా. తూర్పు ఆఫ్రికాలో సరస్సు ఒడ్డున ఉన్న మవెండా దేశానికి మొన్నమొన్నటిదాకా ఆరోగ్యశాఖ మంత్రి. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి ఆయన ఏకైక సంతానం, అమాని. ఐదేళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటూ ఫార్మసీ చదువుతోంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో నేర్చుకున్న తెలుగు ఆమెది.

నిన్న సాయంత్రం అమాని, సంధ్యారాణి డిటెక్టివ్ ఆఫీసులో కూర్చుని, కన్నీళ్లు పెట్టకుండా తన తండ్రి కథంతా చెప్పింది. చేపలు పట్టే ఇంట పుట్టి పల్లెబడిలో పంతులయ్యాడు. నర్సుల సమ్మెకు నాయకత్వం వహించి జైలుకు పోయాడు. ఆ జైలే ఆయనను శాసనసభకు పంపింది. మొదట రేవుల శాఖ ఇచ్చారు. కొత్త రేవు కోసం బెస్తవాడలను ఖాళీ చేయించినప్పుడు, ఆయన మేనత్త ఇల్లు కూడా బుల్‌డోజర్ కింద పోయింది. ఆవిడ చనిపోయేదాకా ఆయన ముఖం చూడలేదట. తర్వాత ఆరోగ్యశాఖ. ఊరూరా మందులశాలలు తెరిపించాడు, మలేరియా మాత్రలు ఉచితంగా పంచాడు. పుట్టిన మగపిల్లలకు జనం ఆయన పేరు పెట్టుకున్నారు.

ఆ పేరు పెట్టుకున్న పిల్లల్లోనే కొందరు మరుసటి ఏడాది జ్వరాలతో చనిపోయారు, ఆ మాత్రలు మింగుతూనే. మాత్రల్లో మందే లేదని పత్రికలు రాశాయి. అవి వెళ్లింది హైదరాబాద్‌లోని ఒక ఎగుమతి సంస్థ నుంచి. నెహెమియా శాసనసభలో లేచి, కెమెరాల ముందు ఒక మాత్ర మింగి, నాకేమైందో చూడండి అన్నాడు.

"నేను హాస్టల్ల ఫోన్ల చూసిన ఆంటీ," అంది అమాని. "అది విషం కాదని చూపించిండు. మందు అని చూపించలే. గా దినం నుంచి ఆయనతోటి మాట్లాడుడు బంద్ చేసిన."

రెండేళ్ల తర్వాత ఆయనే రాజీనామా చేశాడు. విచారణ సంఘం ముందు నిజం చెబుతానన్నాడు: ఆ మాత్రలు కొనమని తన మీద ఒత్తిడి తెచ్చిందెవరు, ఇక్కడినుంచి అమ్మిందెవరు. అంతలో గుండె కవాటం చెడింది. వైద్యం కోసం హైదరాబాద్ వచ్చాడు. ఎల్.బి.నగర్‌లోని పెద్ద ఆసుపత్రిలో లోహపు కవాటం అమర్చారు. కోలుకునేదాకా ఒక ఏజెన్సీ ఇచ్చిన ఈ ఫ్లాటులో ఉన్నాడు, వారం వారం ఆ ఏజెన్సీ ల్యాబే రక్తపరీక్ష చేసి అంతా బాగుందనేది. వచ్చే వారం తిరిగి వెళ్లి సాక్ష్యం చెప్పాలి.

"ఆయన మంచోడని నేను చెప్పను," అంది అమాని చివరగా. "కానీ చెప్తానన్న మాట చెప్పకముందే పోయిండు. ఎట్ల పోయిండో నాకు తెలవాలె. ఆ మాత్రల కంపెనీ పేరు నెట్ల కొడితే మీ పేరొచ్చింది. అందుకే ఒచ్చిన."

ఆ పేరు రావడానికి కారణం ఉంది. ఔషధ నియంత్రణ శాఖలో ఉద్యోగం చేసిన రోజుల్లో, గడ్డిఅన్నారంలోని ఆ సంస్థ గోదాము మీద దాడి చేసింది సంధ్యారాణే. వెళ్లేసరికి గోదాము ఊడ్చి పెట్టినట్టు ఖాళీ. బందోబస్తు కోసం ముందురోజు కబురుపెట్టిన పోలీస్ స్టేషన్‌లో అప్పటి సబ్ ఇన్‌స్పెక్టర్, ఇప్పుడు ఎదురుగా కలం పట్టుకుని కూర్చున్న పట్టాభి. కబురు ఎవరి నోటినుంచి పొక్కిందో తేలలేదు. ఆమె ఉద్యోగం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు.

"ఒక గంట ఇవ్వండి," అంది ఆమె. "గదులు చూస్తాను, ఇద్దరితో మాట్లాడతాను. ఏమీ దొరక్కపోతే మీ సంతకానికి నేనే సాక్షిగా నిలబడతాను."

"అరగంట," అన్నాడు పట్టాభి. కలం మూత మాత్రం పెట్టలేదు.

లోపలి గదిలోంచి తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. విదేశాల నుంచి వచ్చే రోగులకు ఆసుపత్రి, బస, మందులు సమకూర్చే ఏజెన్సీ యజమాని, హరిప్రసాద్. ఈ ఫ్లాటు అతనిదే. అతన్ని చూడగానే సంధ్యారాణి గుర్తుపట్టింది. ఆనాడు ఖాళీ గోదాము ముందు కుర్చీ వేసి, ఆమెకు చల్లని మజ్జిగ ఇప్పించిన మనిషి ఇతనే. కాగితాల మీద సంస్థ బావమరిది పేరున ఉండేది.

అతను కూడా గుర్తుపట్టాడు. చేతులు జోడించాడు. "బాగున్నరా మేడమ్? షానా రోజులాయె."

"బాగున్నాను. నిన్న ఉదయం ఏం జరిగిందో చెప్పండి."

"ఏముంది మేడమ్. ఎనిమిదిన్నరకు నేనొచ్చిన. సారు మంచం మీద ఆయాసపడుతున్నడు. వెంటనే కార్ల ఎక్కించి నర్సింగ్ హోమ్‌కు తీస్కపోయినం. డాక్టర్లు షానా కష్టపడ్డరు. దక్కలే."

"గుండె ఆపరేషన్ చేసిన పెద్ద ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది కదా. అక్కడికి ఎందుకు తీసుకెళ్లలేదు?"

"ట్రాఫిక్ మేడమ్. నర్సింగ్ హోమ్ మన వీధిలనే ఉంది."

"అందులో మీకు వాటా కూడా ఉంది."

"వాటా ఉంటే తప్పా?"

"తప్పు కాదు. ఆయనకు స్పృహ ఉందా?"

"ఉండె. నీళ్లు అడిగిండు. నేనే వంటింట్లకు పోయి క్యాన్‌ల నుంచి గ్లాసు నింపి తెచ్చి తాగిపిచ్చిన." రెండు అరచేతులూ చాపి చూపించాడు. "నా చేతుల మీదనే ఆఖరి నీళ్లు."

సంధ్యారాణి పడకగదిలోకి నడిచింది. పట్టాభి విసుగ్గా లేచి ఆమె వెంట వచ్చాడు.

గదిని ఫినాయిల్‌తో కడిగారు. దుప్పట్లు మార్చారు. మందుల చీటీ గాని, ఒక్క మాత్రల పట్టీ గాని ఎక్కడా లేదు. మిగిలిన మందులన్నీ అనాథాశ్రమానికి పంపామని హాల్లోంచే హరిప్రసాద్ చెప్పాడు. సంధ్యారాణి మోకాళ్ల మీద వంగి, మంచం తలవైపు పలకరాళ్లను వేలితో రాసి చూసింది. ఒకచోట వేలు జారింది. వాసన చూసింది. నువ్వుల నూనె. ఫినాయిల్ గుడ్డ నూనెను తుడవలేదు, గుండ్రంగా పులిమింది. మంచం కోడు వెనకాల, గోడ అంచున, పసుపు అంటిన బియ్యపు గింజలు నాలుగైదు ఇరుక్కుని ఉన్నాయి.

"నూనె ఒలికి ఉంటుంది," అన్నాడు పట్టాభి.

"బియ్యం కూడా ఒలికిందా?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. నీళ్ల క్యాను గోడవారన బోర్లించి ఉంది. ఫిల్టరు మూత తీస్తే లోపల తడి లేదు. బిందె, చెంబు, గ్లాసులు, అన్నీ బోర్లించే ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెతో సహా ఏమీ మిగల్లేదు. బాల్కనీలో తులసి లేని తులసికుండీ ఉంది. అందులోని మట్టిని ఆమె పుల్లతో కెలికితే ఒక ప్రమిద బయటపడింది. అంచు నల్లబడి ఉంది. లోపల సగం కాలిన వత్తి, ఒక్కటే.

"పట్టాభిగారూ, మీ ఇంట్లో దేవుడికి ఒంటి వత్తి దీపం పెడతారా?"

అతను ప్రమిద చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ముప్ఫై ఏళ్ల పోలీసు ఉద్యోగంలో ఎన్ని చావు ఇళ్లు చూశాడో, ఆ చూపులో కనిపించింది.

"వంటమనిషిని పిలవండి," అన్నాడు నెమ్మదిగా.

తిరుపతమ్మ పనిగది తలుపు దగ్గరే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో కాపురం ఉంటున్న మనిషి. సంధ్యారాణి ఆమెను లోపలికి తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టి, తనూ నేల మీదే కూర్చుంది.

"సారుకు ఏం వండిపెట్టేదానివి అక్కా?"

ఊహించని ప్రశ్నకు తిరుపతమ్మ తల ఎత్తింది. "మక్కగట్క, గదే మక్కజొన్నల సంకటి. మొదట్ల చపాతీలు చేస్తే ముట్టకపోయేది. ఒకనాడు నా కోసం గట్క చేసుకుంటుంటే వాసన పట్టి ఒచ్చిండు. చేత్తోని ముద్ద చేసి తిని, నవ్విండు చూడు... మా ఊర్ల గూడ గిట్లనే చేస్తరని బిడ్డ ఫోన్ల చెప్పిపిచ్చిండు. గప్పటి సంది రోజూ గదే."

"అంత ఇష్టంగా తినే మనిషి. ఆయన తలకాడ దీపం పెట్టింది నువ్వే."

తిరుపతమ్మ కళ్లు హాలు వైపు తిరిగాయి. అక్కడ హరిప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. పట్టాభి వెళ్లి తలుపు మూశాడు. సంధ్యారాణికి అతని మీద ఆ ఉదయం కలిగిన మొదటి గౌరవం అది.

"భయపడకు. దీపం పెట్టుడు తప్పు కాదు. ఎప్పుడు పెట్టినవ్?"

"తెల్లారంగనే," అంది ఆమె. మాట బయటపడ్డాక ఇక ఆగలేదు. "రోజు లెక్కనే ఆరింటికి ఒచ్చిన. పిలిస్తే పలకలే. చెయ్యి ముట్టుకుంటే సల్లగ కట్టె అయింది. ఏజెంటు సారుకు ఫోన్ చేసిన. ఒస్తున్న, ఎవ్వరికీ చెప్పకు అన్నడు. ఎంతకూ రాకపాయె. దేశం గాని దేశంల, ఒక్క మనిషి పక్కన లేకుండ పోయిండు. పీనుగను చీకట్ల పడేస్తమా? బియ్యం పోసి, ప్రమిద పెట్టి, వత్తి ముట్టిచ్చిన. ఇంట్ల నీళ్లన్నీ పారబోసిన. వండినదంత పారేసిన. ఎవ్వరి ఇల్లైతేంది, చావు చావే."

"హరిప్రసాద్ వచ్చాక?"

"దీపం చూసి ఎగిరి పడ్డడు. నీకెవ్వలు చెప్పిన్రే అని తిట్టి, ఆర్పిచ్చిండు. ఊపిరి ఉన్నదని చెప్పాలె, లేకపోతే వండిపెట్టింది నువ్వే కాబట్టి పోలీసులు నిన్నే లోపలేస్తరన్నడు." ఆమె పట్టాభి వైపు చేతులు జోడించింది. "నేనేం కలపలే సారూ. నేను తిన్నదే ఆయన తిన్నడు."

పట్టాభి ముఖం గట్టిపడింది. తలుపు తెరిచి హాల్లోకి వెళ్లాడు. సంధ్యారాణి మాత్రం లేవలేదు. చివరిగా ఒక ప్రశ్న అడిగింది.

"ఈ మధ్య ఆయనకు ఎక్కడన్న దెబ్బ తాకిందా? నెత్తురు ఒచ్చిందా?"

"మొన్న బత్తాయి కోస్తూ బొటనవేలు కోసుకున్నడు. బాగనే తెగింది. నేను పసుపు తెచ్చేలోపు నెత్తురు ఆగిపోయింది. గట్టి మనిషి."

సంధ్యారాణి నేల మీదినుంచి లేచింది.

ఆమె హాల్లోకి వచ్చేసరికి పట్టాభి హరిప్రసాద్‌కు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"క్యాన్లో నీళ్లు పట్టి తాగించానన్నారు. ఆ క్యాన్లో నీళ్లు మీరు రాకముందే పారబోశారు. చనిపోయిన మనిషిని కారులో కూర్చోబెట్టి తీసుకెళ్లి, నర్సింగ్ హోమ్‌లో చనిపోయినట్టు రాయించారు. ఎందుకండి?"

హరిప్రసాద్ తొణకలేదు. "ఎందుకంటే ఇంట్ల పోయిండంటే పంచనామా, పోస్ట్‌మార్టం, వారం రోజులు. పరాయి దేశపు పెద్దమనిషి శవాన్ని కోయించుడు ఇష్టం లేక చేసిన. తప్పే. జుర్మానా కడ్త. అంత మాత్రాన చంపిన్నా? కోసి చూసుకోండ్రి. విషం దొరికితే నన్ను ఉరి తియ్యిండ్రి."

"విషం దొరకదు," అంది సంధ్యారాణి.

పట్టాభి విసురుగా ఆమె వైపు తిరిగాడు. "మరి ఇంతసేపూ మీరు చేసిందేంటండి?"

"విషం ఉందా అని కాదు పట్టాభిగారూ, మందు ఉందా అని చూడాలి. లోహపు కవాటం పెట్టిన మనిషి రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర బతికినంత కాలం వేసుకోవాలి. వేసుకోకపోతే కవాటం మీద రక్తం గడ్డ కడుతుంది. ఒకరోజు కవాటం బిగుసుకుపోతుంది, మనిషి పోతాడు. చూసేవాళ్లకు అది మామూలు గుండె జబ్బు. మా తమ్ముడికి అదే కవాటం ఉంది. గడ్డం గీసుకుంటూ గీరుకుంటే, గంటసేపు దూది అదిమి పట్టుకుంటాడు. ఈయన బొటనవేలు లోతుగా తెగితే పసుపు అద్దకముందే రక్తం ఆగింది. ఈయన రోజూ మాత్ర వేసుకున్నాడు. ఆ మాత్రలో ఏమీ లేదు."

ఆమె హరిప్రసాద్ వైపు వేలు చూపించింది.

"సరస్సు ఒడ్డున పిల్లలు పోయినట్టే పోయాడు. ప్రతివారం రక్తం తీసి, అంతా సరిగ్గా ఉందని చెప్పింది ఇతని ల్యాబు. మాత్రలన్నీ నిన్ననే మాయం చేశాడు. ఇక మిగిలిన సాక్ష్యం ఆ శరీరంలో ఉన్న రక్తం ఒక్కటే. మధ్యాహ్నం దాటితే అదీ ఉండదు. గడ్డిఅన్నారంలో ఒకసారి మనం ఆలస్యంగా వెళ్లాం. మీకు గుర్తుండే ఉంటుంది."

పట్టాభి ఆమె దగ్గరికి వచ్చాడు. "ఆ రోజు కబురు నా నోటి నుంచి పోలేదు," అన్నాడు తక్కువ గొంతుతో. "మీరు నమ్మరని తెలిసే ఎప్పుడూ చెప్పలేదు." తర్వాత ఫోను తీసి శవాగారానికి చేశాడు. శరీరాన్ని ఎవరూ ముట్టుకోవద్దనీ, పోస్ట్‌మార్టంకు తరలించాలనీ చెప్పాడు. నిరభ్యంతర పత్రాన్ని నిలువుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పండి హరిప్రసాద్‌గారూ. మందులు సప్లై చేసింది మీరేగా?"

"కాదు సర్," అన్నాడు హరిప్రసాద్.

ఆ నింపాది చూశాక గాని సంధ్యారాణికి అర్థం కాలేదు, తను ఎక్కడ పొరబడిందో. ఉదయం నుంచి ఈ ఇంట్లో అందరినీ ప్రశ్నించింది, ఒక్కరిని తప్ప. ఆ ఒక్క మనిషి శాలువా జారిపోయినా పట్టించుకోకుండా, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"నేను ఒక్క మాత్ర కూడ నా చేత్తోని ఇయ్యలే," అన్నాడు హరిప్రసాద్. "ఇంకెవ్వరన్న ఇచ్చిన్రేమో అడగండ్రి. అమానీ, నువ్వే చెప్పు తల్లీ."

"ఆదివారం ఆదివారం నేనే తెచ్చేదాన్ని," అంది అమాని. ప్రతి మాటా వేరువేరుగా పలికింది. "దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పక్క షాపుల. ఈయనే ఆ షాపు చెప్పిండు. నీ హాస్టల్‌కు దగ్గర, బిడ్డ తెచ్చిస్తే తండ్రి సంతోషపడ్తడు, రెండేండ్ల సంది మాటలు లేని మీ ఇద్దరికీ మాటలు కలుస్తయి అన్నడు. నిజంగనే కలిసినయ్. మొదటి మాత్ర నేనే నాన్న నోట్ల పెట్టిన."

పట్టాభి కుర్చీలో కూర్చున్నాడు. ఎగతాళి ఆ గొంతులో ఇప్పుడు ఇసుమంతైనా లేదు. "చూడమ్మా. ఆ షాపువాడు ఈపాటికి సరుకు మార్చేసి ఉంటాడు. నువ్వు ఫార్మసీ చదువుతున్నావు. తండ్రితో రెండేళ్లు మాటల్లేవు. మందు నీ చేతి మీదుగానే వెళ్లింది. రక్తంలో మందు లేదని తేలితే, ఇతని కంటే ముందు నీ పేరు రాయాల్సి వస్తుంది. పాస్‌పోర్టు తీసుకుంటారు. మీ దేశంలో పేపర్లు ఏం రాస్తాయో నీకే తెలుసు. కూతురిగా నువ్వు ఫిర్యాదు ఇవ్వకపోతే, నర్సింగ్ హోమ్‌లో పోయాడన్న ఒక్క అబద్ధం వరకే కేసు. రెండు రోజుల్లో శరీరం మీ ఊరికి వెళ్తుంది. ఆలోచించుకో."

"వెళ్లనీ బిడ్డా," అన్నాడు హరిప్రసాద్, ఎంతో దయగా. "మీ నాన్నను మీ మట్టిల కలవనీ."

చెప్పడానికి సంధ్యారాణి దగ్గర ధైర్యం తప్ప హామీ ఏదీ లేదు. ఆ అమ్మాయికి ఈ తలుపు తెరిచింది తనే. దాని వెనక ఏముందో ముందు చూసుకోలేదు.

అమాని శాలువా తీసి కుర్చీ మీద వేసింది. ఉదయం నుంచి మొదటిసారి కూర్చుంది. పట్టాభి చేతిలోని కలం కోసం చెయ్యి చాపింది. అతను కొంచెం ఆగి, ఒక తెల్లకాగితంతో పాటు ఇచ్చాడు.

"ఫిర్యాదు ఏడికెళ్లి మొదలుపెట్టాలె సర్?"

"జరిగింది జరిగినట్టు."

తెలుగు మాట్లాడటమే గాని రాయడం ఆమెకు రాదు. ఇంగ్లిషులో, పరీక్ష రాసే విద్యార్థినిలా, తొందరపడకుండా మొదలుపెట్టింది. సంధ్యారాణి ఆమె భుజం మీదుగా వంగి మొదటి వాక్యం చదివింది.

మా నాన్న చావుకు కారణమైన మాత్రలు ఆయనకు తెచ్చి ఇచ్చింది నేనే.